మూడు రోజుల పథ్యాన్ని రెండేళ్లు చేశాను

నాకు క్రోన్స్ వ్యాధి (పేగులో మంట, పుండ్లు పుట్టించే దీర్ఘకాలిక జబ్బు) అని తేలిన వారంలో చేతికి చాలా కాగితాలొచ్చాయి. రక్తపరీక్షల రిపోర్టులు, మందుల చీటీ, స్కానింగ్ ఫిల్ములు, వాటి మధ్యలో ఒక జెరాక్స్ కాగితం. దాని మీద రెండు వరుసలు: తినదగినవి, తినకూడనివి. తినకూడనివాటిలో నాలుగోది "అన్ని రకాల పండ్లు". నేను ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఆ రోజు నుంచి పండు ముట్టలేదు. ఎవరైనా ప్లేటు ముందుకు జరిపితే "నాకు పడదండీ" అనేవాణ్ణి. పడుతుందో లేదో తిని చూసింది లేదు. పడదు అనడం అలవాటైపోయింది, అంతే.

ఇరవై రెండు నెలల తర్వాత రెండోసారి కోలనోస్కోపీకి, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షకి తేదీ ఇచ్చారు. దానితో పాటు ఒక సూచనల కాగితం. అవే రెండు వరుసలు, అదే నాలుగో పేరు. కానీ ఈ కాపీలో పైన ఇంకో లైను ఉంది: "పరీక్షకు ముందు మూడు రోజులు పాటించవలసినవి". నా పాత కాపీలో ఆ లైను జెరాక్స్ తీసేటప్పుడు తెగిపోయింది. కెమెరాకి గింజలూ తొక్కలూ అడ్డం పడతాయని, పీల్చే గొట్టంలో ఇరుక్కుంటాయని మూడు రోజులకి చెప్పిన జాగ్రత్తని నేను దాదాపు రెండేళ్లు నిష్ఠగా చేశాను.

తప్పు కాగితానిదని సరిపెట్టుకోవచ్చు. కొన్నాళ్లు అలాగే సరిపెట్టుకున్నాను కూడా. కానీ మధ్యలో ఆరేడుసార్లు డాక్టరు గారిని కలిశాను, ఒక్కసారీ అడగలేదు. ఎందుకంటే నిషేధం నాకు సుఖంగా ఉంది. పేగు నొప్పి రుచి చూసినవాడికి "ఇది తినకు" అనే మాటలో ఒక భరోసా ఉంటుంది. మానేసినంత కాలం జబ్బు మన చెప్పుచేతల్లో ఉన్నట్టే అనిపిస్తుంది. నా వాదన ఆ భరోసా మీదే. ఎందుకో చెప్పని పథ్యం, ఎప్పటిదాకానో చెప్పని పథ్యం సగం పథ్యమే. పండు విషయంలో ఆ రెండో సగాన్ని దాదాపు ఎవరూ చెప్పరు, రోగీ అడగడు.

ముందు ఎందుకో చూద్దాం. ఇన్‌ఫ్లమేషన్‌ని మనం వాపు అంటాం, మంట అంటాం. రెండు మాటలూ సగం సగమే చెబుతాయి. ఉధృతి దశలో పేగు లోపలి పొర ఉబ్బి, పుండ్లు పడి, నీటినీ పోషకాలనీ సరిగ్గా పీల్చుకోలేని స్థితిలో ఉంటుంది. అప్పుడు జామపండు తొక్కతో, గింజలతో తింటే ఏమవుతుంది? తొక్కలోనూ గింజల్లోనూ ఎక్కువగా ఉండేది నీటిలో కరగని పీచు. అది అరగదు, మలం పరిమాణాన్ని పెంచి పేగుని తొందరపెడుతుంది. రోజుకి పదిసార్లు వెళుతున్నవాడికి ఇంకా తొందర అక్కర్లేదు. కానీ అదే పండు గుజ్జులో పెక్టిన్ లాంటి కరిగే పీచు కూడా ఉంటుంది. అది నీటిని పట్టుకుని జిగురులా మారుతుంది, పల్చటి విరేచనానికి కాస్త చిక్కదనం ఇస్తుంది. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం తయారుచేస్తుంది. పెద్దపేగు లోపలి కణాలకి ముఖ్యమైన ఇంధనం అదే. అంటే ఒకే యాపిల్‌లో తొక్క ఒక మాట చెబుతుంది, గుజ్జు ఇంకో మాట చెబుతుంది. "యాపిల్ మంచిదా?" అన్న ప్రశ్నకి అందుకే జవాబు రాదు. తొక్క తీశారా, ఉడికించారా, ఎంత తిన్నారు, పేగు ఈ వారం ఎలా ఉంది, ఇవి అడగాలి.

పీచు మానేస్తే జబ్బు నెమ్మదిస్తుందన్న నమ్మకాన్ని ఇటలీలో ఎప్పుడో పరీక్షించారు. 1985లో అచ్చయిన ఆ అధ్యయనంలో పేగు సన్నబడని, అంటే లోపలి దారి ఇరుకు కాని క్రోన్స్ రోగులు 70 మందిని రెండు భాగాలు చేసి, కొందరికి పీచు తక్కువ ఆహారం, కొందరికి మామూలు ఆహారం ఇచ్చారు. సగటున 29 నెలలు గమనించారు. లక్షణాల్లో గానీ, ఆసుపత్రిలో చేరాల్సి రావడంలో గానీ, ఆపరేషన్లలో గానీ తేడా లేదు. నోరు కట్టుకున్నవాళ్లకి దక్కిన లాభం ఏమీ కనబడలేదు. 2013లో అమెరికా నర్సుల మీద వచ్చిన పెద్ద పరిశీలన ఇంకో అడుగు ముందుకెళ్లింది. 1,70,776 మంది స్త్రీలని 26 ఏళ్లు గమనిస్తే, పీచు బాగా తిన్నవాళ్లలో క్రోన్స్ రావడం సుమారు 40 శాతం తక్కువ. అందులోనూ పండ్ల పీచుతో ఆ సంబంధం బలంగా కనిపించింది. పెద్దపేగుకి వచ్చే ఇలాంటి ఇంకో జబ్బు అల్సరేటివ్ కొలైటిస్‌లో మాత్రం అలాంటి తేడా తేలలేదు. ఇది జబ్బు లేనివాళ్లకి రావడం గురించి, వచ్చినవాళ్ల గురించి కాదు. వచ్చినవాళ్ల గురించి 2016లో ఇంకొకటి వచ్చింది: జబ్బు నెమ్మదించి ఉన్న క్రోన్స్ రోగుల్లో, పీచున్న ఆహారం మానుకోనివాళ్లకి తర్వాతి ఆరు నెలల్లో ఫ్లేర్, అంటే జబ్బు మళ్లీ చెలరేగడం, వచ్చే అవకాశం సుమారు 40 శాతం తక్కువ. ఈ రెండూ పరిశీలనలే. లోపల జబ్బు రాజుకుంటున్నవాళ్లు ముందే పీచు తగ్గించుకుని ఉండొచ్చు, కారణం ఏదో ఫలితం ఏదో తారుమారయ్యే వీలుంది. ఆ అనుమానం ఉంచుకునే చెబుతున్నాను, నా ఫ్రిజ్ మీది కాగితం వైపు మాత్రం ఒక్క సాక్ష్యమూ నిలబడలేదు.

నన్ను బాగా కుదిపింది ఇంకొకటి. 2019లో ఇజ్రాయెల్ వైద్యుడు ఆరీ లెవీన్ బృందం క్రోన్స్ ఉన్న పిల్లలకి ఒక ప్రత్యేక ఆహార పద్ధతిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. పాలపొడి లాంటి పోషక పానీయం సగం, ఎంచిన మామూలు ఆహారం సగం. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడే మొదలుపెట్టే పద్ధతి అది. దాని మొదటి ఆరు వారాల్లో రోజూ తప్పనిసరిగా తినాల్సినవాటిలో రెండు అరటిపండ్లు, ఒక యాపిల్ ఉన్నాయి. తినొచ్చు అని కాదు, తినాలి అని. చదివి కాసేపు ఊరుకుండిపోయాను. 2020లో ఐఓఐబీడీ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం కూడా, పేగు సన్నబడి ఇబ్బంది పెడుతుంటే తప్ప, క్రోన్స్ రోగులు పండ్లూ కూరగాయలూ బాగానే తినడం మేలని సూచించింది.

అలాగని "పీచు తింటే నాకు మండిపోతుంది" అనే రోగి మాటని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 2023లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ మాటకి ఒక ఆధారం చూపించారు. ఫ్రక్టాన్లు అనే ఒక జాతి పీచుని పులియబెట్టే బ్యాక్టీరియా పేగులో తగ్గిపోతే, పులియని ఆ పీచు కొందరు రోగుల్లో మంటని రెచ్చగొడుతుంది. అందరిలో కాదు, అన్నిరకాల పీచూ కాదు. బ్యాక్టీరియా కోలుకుంటే అదే పీచు మళ్లీ పనికొస్తుంది. "నాకు పడదు" అన్నది అబద్ధం కాదు. దానికి "ఇప్పుడు" అన్న మాట చేర్చాలి, అంతే.

నా రెండేళ్ల పండు లేని కాలంలో ఏం జరిగిందో చెప్పాలి. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. బ్రష్ మార్చాను. ఇంకో బ్రష్ మార్చాను. చివరికి రక్తపరీక్షలో విటమిన్ సి బాగా తక్కువని తేలింది. విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ అనేది ఓడల కాలం నాటి జబ్బు అనుకుంటాం. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు పన్నెండుమంది నావికుల్లో ఇద్దరికి నారింజలూ నిమ్మకాయలూ ఇచ్చి తేడా చూపించిన కథ చిన్నప్పుడు చదువుకున్నదే. పండూ కూరగాయా రెండూ మానుకున్న క్రోన్స్ రోగుల్లో ఈ కాలంలోనూ అది కనబడ్డ సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పైగా పేగుజబ్బులో రక్తహీనత మామూలే. శాకాహారంలోని ఇనుము ఒంటబట్టడానికి సాయపడేదీ విటమిన్ సియే. ఇక్కడ ఒక మెలిక ఉంది. కడుపుకి తేలిక అని అందరూ చెప్పే యాపిల్, అరటి రెండింటిలోనూ అది నామమాత్రమే: వంద గ్రాములకి యాపిల్‌లో అయిదు మిల్లీగ్రాములు, అరటిలో తొమ్మిది దరిదాపు. పండిన బొప్పాయిలో అరవై, స్ట్రాబెర్రీలో దాదాపు అంతే, జామలో రెండొందలు దాటుతుంది. ఉడికిస్తే కొంత పోతుంది. "భద్రమైన" రెండు పండ్లకే అతుక్కుపోతే చిగుళ్లు మళ్లీ మొదటికొస్తాయి.

మొదలుపెట్టింది అరటిపండుతోనే. సగం పండు, ఉదయం, ఖాళీ కడుపుతో కాకుండా. మచ్చలు పడి మెత్తబడ్డది కాదు, పసుపు తిరిగి ఇంకా గట్టిగా ఉన్నది. అరటి బాగా మాగేకొద్దీ ఫ్రక్టాన్లు పెరుగుతాయని మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్ల కొలతలు చెబుతాయి. కడుపుకి మెత్తటిదే మంచిదన్న నా లెక్క తలకిందులైంది. మూడు రోజులు అదే. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం అంత ఆనందంగా ఉంటుందని అప్పటిదాకా తెలీదు. తర్వాత తొక్క తీసి, గింజల భాగం చెక్కేసి, ఆవిరి మీద మెత్తగా ఉడికించిన యాపిల్. తర్వాత బొప్పాయి, చిన్న గిన్నెడు. ఒక్కో కొత్త పండుకి మూడేసి రోజులు, ఒకేసారి రెండు కొత్తవి లేవు. ఒక నోటుపుస్తకంలో తేదీ, పండు, ఎంత, ఏ రూపంలో, ఆ రోజు కడుపు సంగతి రాసుకున్నాను. ఆ రోజు సరిగ్గా నిద్రపోయానా లేదా అన్నది కూడా. ఈ చివరి గడి లేకపోతే రెండు పండ్ల మీద ఉత్తపుణ్యానికి నేరం మోపేవాణ్ణి. వాటిని తిన్న రోజులు నిద్రలేని రోజులే.

నాలుగు నెలలకి ధైర్యం ముదిరింది. ఒక సాయంత్రం పని చేసుకుంటూ ఎండు అంజీరలు ఏడో ఎనిమిదో నమిలేశాను. నమిలాను అనడం కూడా పెద్దమాటే, మింగాను. ఎండుపండు లోపలికెళ్లి నీరు పీల్చి ఉబ్బుతుంది. పైగా గింజలు, పీచు, చక్కెర అన్నీ చిక్కబడి ఉంటాయి. రాత్రి పదకొండింటికి బొడ్డుకి కుడిపక్కన నొప్పి అలలు అలలుగా మొదలైంది. పొట్ట బిగుసుకుంది, వాంతి, గ్యాస్ కూడా కదలడం లేదు. ఆసుపత్రిలో రెండు రోజులు నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ మీద ఉంచారు. ఎం.ఆర్.ఐ.లో చిన్నపేగు చివర ఒకచోట సన్నబడిందని తెలిసింది. దాన్నే స్ట్రిక్చర్ అంటారు. క్రోన్స్‌లో మంట వచ్చి తగ్గి మళ్లీ వచ్చి, పేగు గోడ మచ్చకట్టి బిరుసెక్కితే దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో బత్తాయి తొనల మీది పొర, పనస, అనాస పీచు, ఎండుపండ్లు, తొక్కలు నిజంగానే ప్రమాదం. ఇక్కడ నా గడువు వాదన కాస్త తగ్గాలి, తగ్గించుకున్నాను. అయినా అప్పుడు కూడా ఆ ఆసుపత్రి పోషకాహార నిపుణురాలు "పండు మానేయండి" అనలేదు. "రూపం మార్చండి" అంది. తొక్క, గింజ, పొర తీసెయ్యి, ఉడికించు, మెత్తగా రుబ్బు, నోట్లో గుజ్జయ్యేదాకా నములు. 2024లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం ఇచ్చిన సూచన కూడా ఇదే తీరులో ఉంది. కాబట్టి ఎవరైనా నన్ను పండ్ల గురించి అడిగితే మొదట అడిగే ప్రశ్న ఒకటే: మీ పేగు ఎక్కడైనా సన్నబడిందా? తెలీదంటే, ముందు అది తెలుసుకోవాలి. అలలుగా వచ్చే నొప్పి, వాంతులు, ఉబ్బిన పొట్ట, గ్యాస్ ఆగిపోవడం కలిసి వస్తే అది ఇంటి చిట్కాల వేళ కాదు.

గ్యాస్ గురించి ఒక మాట. నోటుపుస్తకంలో బేరిపండు పక్కన "ఉబ్బరం, మూడుసార్లు" అని ఉంది, మామిడి పక్కన కూడా. జబ్బు తిరగబెట్టిందని భయపడి ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించుకున్నాను. మలంలో కొలిచే ఆ ప్రొటీన్ పేగులో మంట ఎంతుందో చెబుతుంది. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే సాధారణం, 250 దాటితే జబ్బు చురుగ్గా ఉందని అనుమానించాలి. నాది 38. అంటే మంట లేదు, ఉబ్బరం మాత్రం ఉంది. బేరిలో సార్బిటాల్ అనే చక్కెర జాతి పదార్థం ఉంటుంది, మామిడిలో గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ ఎక్కువ. చిన్నపేగు వాటిని పూర్తిగా పీల్చుకోలేకపోతే నీటిని లాగుతాయి, పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతాయి. ఇబ్బందే, గాయం కాదు. జబ్బు నెమ్మదించి ఉన్నవాళ్లలో కూడా సుమారు మూడోవంతు మందికి ఇలాంటి లక్షణాలుంటాయి. ఈ తేడా తెలియక ఉబ్బరం వచ్చిన ప్రతి పండునీ శత్రువుల జాబితాలో రాసుకుంటూ పోతే, చివరికి జాబితాలో లేనిది ఏమీ మిగలదు. ఇలాంటి చక్కెరలన్నీ తగ్గించే లో-ఫాడ్‌మ్యాప్ ఆహారానికి పేరు పెట్టింది కూడా మొనాష్ వాళ్లే. 2020లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు నెమ్మదించిన పేగుజబ్బు ఉన్న 52 మంది మీద దాన్ని నాలుగు వారాలు పరీక్షించారు. లక్షణాలు తగ్గాయి, మంట కొలతలు మారలేదు, కానీ మేలుచేసే బ్యాక్టీరియా కొన్ని తగ్గాయి. ఇది కూడా గడువున్న పథ్యమే. నాలుగు వారాలకి పెట్టినదాన్ని నాలుగేళ్లు చేసేవాళ్లని చూస్తే నా జెరాక్స్ కాగితమే గుర్తొస్తుంది.

పండ్లరసం గురించి పెద్దగా చెప్పను. పీచు తీసేస్తారు కాబట్టి భద్రం అంటారు. ఇరుకు పేగు ఉన్నవాళ్లకి కొంత నిజం. కానీ విరేచనాలప్పుడు ఒక గ్లాసెడు చక్కెర నీళ్లు పేగులోకి ఇంకా నీటిని లాగుతాయి. నేను గుజ్జుని గుజ్జుగానే తింటాను.

దీనికంటే తక్కువగా వినిపించేదీ, ఎక్కువగా తెలియాల్సిందీ గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు) సంగతి. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఒక రక్తపోటు మందుకీ మద్యానికీ సంబంధం చూడబోయి, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపింది. రక్తంలో మందు మోతాదు అనుకోనంతగా పెరిగిపోయింది. కారణం మద్యం కాదు, ఆ రసమే. పేగు గోడలో మందుల్ని విరిచేసే ఒక ఎంజైమ్‌ని ఆ పండు మూసేస్తుంది. క్రోన్స్‌లో తరచూ ఇచ్చే బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఆ రసంతో కలిస్తే ఒంట్లోకి చేరేది దాదాపు రెట్టింపవుతుంది. రోగనిరోధక శక్తిని అదుపుచేసే సైక్లోస్పోరిన్, ఉపాడసిటినిబ్ అనే మందులు వాడేవాళ్లకీ ఇదే హెచ్చరిక. పంపరపనసలో కూడా అలాంటి పదార్థాలే ఉన్నాయి. తొక్క తీసినా, ఉడికించినా, పేగు బాగున్నా ఈ నిషేధం మారదు, ఆ మందు వాడినంత కాలం ఉంటుంది. చూశారా, దీనికి కారణమూ ఉంది, గడువూ ఉంది.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకి కడగడం కూడా చికిత్సలో భాగమే. 2011లో అమెరికాలో కొలరాడో పొలం నుంచి వచ్చిన ఖర్బూజాల వల్ల లిస్టీరియా అనే బ్యాక్టీరియా పాకి 147 మంది జబ్బుపడ్డారు, 33 మంది చనిపోయారు. తినేది లోపలి గుజ్జే కదా అనుకుంటాం. కత్తి తొక్క మీదుగానే కదా లోపలికెళ్లేది? అందుకే తొక్క తీసి పారేసే పండునైనా ముందు పారే నీళ్ల కింద రుద్ది కడుగుతాను. సబ్బు వద్దు, పండు దాన్ని పీల్చుకుంటుంది. కోసిన ముక్కలు రెండు గంటలు దాటి బయట ఉంటే నాకొద్దు, ఎవరింట్లో అయినా సరే, మొహమాటం లేదు.

ఇక గింజ మలంలో అలాగే కనిపించిందని కంగారుపడేవాళ్లు చాలామంది. గింజ అలాగే రావడం దాని పని. మొక్కకి కావాల్సింది అదే. ఎర్ర గుజ్జు డ్రాగన్‌ఫ్రూట్ తిన్న మర్నాడు నేను రక్తం అనుకుని సగం దారి ఆసుపత్రికి వెళ్లి, ముందురోజు రాత్రి ఏం తిన్నానో గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. నోటుపుస్తకంలో ఆ రోజు గడిలో ఒక్క పదమే ఉంది: "రంగు".

పాత జెరాక్స్ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. "అన్ని రకాల పండ్లు" అన్నదాని చుట్టూ పెన్నుతో రాసిన పేర్లూ తేదీలూ నిండాయి. అరటి, యాపిల్ తొక్క లేకుండా, బొప్పాయి, ఖర్బూజా, పుచ్చకాయ చిన్న ముక్క, గింజలు తీసిన జామ గుజ్జు. అంజీర మీద అడ్డగీత, పక్కన "ఎం.ఆర్.ఐ. మళ్లీ తీశాక చూద్దాం". బత్తాయి పక్కన ఏమీ రాయలేదు. తొనల మీది పొర ఒలిచి రెండు తొనలు తిని చూడాలని ఉంది. ఈ ఆదివారం పొద్దున తింటాను, సోమవారం సెలవు పెట్టాను.